భాగీరథి మింగేసిన మాట

భాగీరథి గురించి రాస్తానంటే ముందు ఆవిడే నవ్వింది. "నా గురించి ఏముంటది మేడం రాయనీకి? పేన్లు దువ్వుడు, ముక్కులు తుడుసుడు, ఆఫీసోళ్లతోని మాటలు వడుడు" అంది. సరే, అదే రాస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరాయి పిల్లల పేలు దువ్వే మనిషి గురించి కాకపోతే ఇంకెవరి గురించి రాయాలట!

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నా పేరు కుమారి. మా ఆయన సూర్యప్రకాశరావుగారు బ్యాంకు మేనేజరుగా సూరత్‌లోనే రిటైరయ్యారు. మాది కాకినాడ. ఈ ఊరొచ్చి ఇరవై రెండేళ్లయింది. రిటైరయ్యాక ఆయన రోజూ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా పైకి చదివి నాకు వినిపించడం మొదలుపెట్టారు. ఆ బాధ పడలేక, వారానికి రెండు మధ్యాహ్నాలు ఒక పిల్లల ఆశ్రయానికి వెళ్లి బొమ్మలు గీయడం నేర్పుతున్నాను. నేను నేర్పేదేమీ లేదు, వాళ్లే నాకంటే బాగా గీస్తారు.

ఆ ఆశ్రయం ఒంటరిగా దొరికిన పిల్లల కోసం పెట్టింది. అమ్మా నాన్నా లేకుండా రైలెక్కి వచ్చి ప్లాట్‌ఫారం మీద బిక్కమొహం వేసుకుని తిరుగుతున్నవాళ్లు, చీరలకు రాళ్లు అంటించే గదుల్లోంచి పోలీసులు బయటికి తీసుకొచ్చినవాళ్లు, పనికని తెచ్చినవాడు వదిలేసి పోయినవాళ్లు. బిహారు పిల్లలు, ఒరిస్సా పిల్లలు, అప్పుడప్పుడు మన తెలంగాణ పిల్లలు. ఇల్లెక్కడో కనుక్కుని, పిల్లల వ్యవహారాలు చూసే సమితి సరేనన్నాక ఇంటికి పంపుతారు. అప్పటిదాకా వాళ్లని చూసుకునే ఆడవాళ్లని మౌసీ అంటారు. మౌసీ అంటే పిన్ని. ఆడపిల్లల వైపు ఉండే ముగ్గురు మౌసీల్లో భాగీరథి ఒకతె.

ఆవిడ పుట్టింది సూరత్‌లోనే. వాళ్ల నాన్న సిరిసిల్ల నుంచి మరమగ్గాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మున్సిపాలిటీ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివింది. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, నీళ్ల కుళాయి దగ్గర ఒరియా, బజారులో గుజరాతీ, పక్కింటి వాళ్లతో మరాఠీ. మనం పుస్తకాలు కొని, క్లాసులకు వెళ్లి నేర్చుకునేవన్నీ ఆవిడకు బిందె నిండేలోపు వచ్చేశాయి. ఆశ్రయంలో మొదట రొట్టెలు చేయడానికి కుదిరింది. పదకొండేళ్ల కింద ఒక పిల్లని తెచ్చారట. రెండు రోజులు పలక్కపోతే మూగది అని రాసేశారట మహానుభావులు. వంటగదిలోంచి వచ్చిన భాగీరథి ఆ పిల్లని చూసి "బువ్వ తిన్నవా బిడ్డా?" అంటే, ఆ పిల్ల ఆవిడ కొంగు పట్టుకుని సాయంత్రం దాకా వదల్లేదట. మర్నాటి నుంచి భాగీరథి వంటగది వదిలి మౌసీ అయింది.

మౌసీ అంటే తల దువ్వడం ఒక్కటే కాదు. ఏ పిల్ల ఏ భాషలో ఏడ్చినా భాగీరథినే పిలుస్తారు. పిల్ల చెప్పింది ఆవిడ ఆఫీసువాళ్లకు చెప్పాలి, ఆఫీసువాళ్లు అడిగింది పిల్లకు చెప్పాలి. అందులో ఒక నియమం ఉంది. "ఈ పిల్లని కొట్టారట" అని చెప్పకూడదు. పిల్ల ఏమంటే అదే, పిల్ల నోటితో అన్నట్టే అనాలి. పిల్ల "నన్ను కొట్టిండు" అంటే, భాగీరథి కూడా "నన్ను కొట్టాడు" అనే అనాలి. "ఎన్నిసార్లు నన్ను కొట్టిన్రో, ఎన్నిసార్లు నన్ను రైలెక్కించి ఇడిసిపెట్టి పోయిన్రో లెక్కలేదు మేడం" అంది ఒకసారి, దువ్వెన కడుగుతూ. "ఆళ్లు జెప్పినంక ఆళ్లకు బరువు దిగుతది. నాది నాకే ఉంటది." ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం చూడాలి. ఏడుపు మొహం కాదు. ఏడవడానికి కూడా ఓపిక లేని మొహం.

కొత్తగా వచ్చిన పిల్లని మొదటి రోజు పేరు అడగదు. ఆవిడ పద్ధతి అది. పిల్ల చేతులకు ఏదో పని ఇస్తుంది. మెంతికూర ఆకు తుంపడమో, బియ్యంలో రాళ్లు ఏరడమో. చేతులు పనిలో పడితే నోరు అదే తెరుచుకుంటుందని ఆవిడ నమ్మకం. చాలాసార్లు నిజమే అయింది.

మొన్న జనవరిలో వచ్చిన అమూల్య విషయంలోనూ అదే చేసింది. పద్నాలుగేళ్ల పిల్ల. వరంగల్లులో ఒక్కతే రైలెక్కి సూరత్‌లో దిగింది. రైల్వే పోలీసుల్లో ఒకమ్మాయి చూసి తీసుకొచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వంటగదికి రెండు బుట్టల చిక్కుళ్లు వచ్చాయి. చలికాలం ఈ ఊళ్లో పాపడి అనే లేత చిక్కుళ్లు వస్తాయి, అవి లేకపోతే సూరత్‌లో శీతాకాలం వచ్చినట్టే కాదు. వరండాలో కూర్చుని ముగ్గురం ఒలుస్తున్నాం. భాగీరథి, ఆ పిల్ల, నేను.

సగం బుట్ట అయ్యాక పిల్ల అంది, "నా పేరు అమూల్య. ఎనిమిది జదువుతున్న."

"మంచిగ జదువుతవా?" అంది భాగీరథి, తలెత్తకుండానే.

"క్లాసుల రెండో నంబరు."

"మరి పరీక్షల ముంగట గిట్ల ఎందుకొచ్చినవే?"

పిల్ల కాసేపు ఒలిచింది. "మా నాయిన సచ్చిపోయిండు. మా అవ్వ నన్ను మా సంపత్ మామకిచ్చి చేస్తనంటున్నది. మార్చిల పరీక్షలైనంక. నేను వద్దన్న. ఇంటలేరు. సూరతుల చీరల పని దొరుకుతదని మా దోస్తు జెప్పింది. గందుకే వచ్చిన."

"ఓసి, గంతేనా!" అని భాగీరథి నవ్వింది.

దాచుకోవడం దేనికి, నేనూ నవ్వాను. అవ్వ అంటే వాళ్లలో అమ్మ, సంపత్ ఆమెకి సొంత తమ్ముడు. మా ఇళ్లల్లోనూ ఉయ్యాల్లో పిల్లని చూపించి "ఒరేయ్, నీ పెళ్లాం ఏడుస్తోంది చూడరా" అని మేనమామల్ని ఏడిపించడం మామూలే. ఆ మాట చెవిన పడగానే నాకు ముందు ఆ సరదానే గుర్తొచ్చింది. పద్నాలుగేళ్ల పిల్ల, మార్చి నెల, ఇవేవీ బుర్రకెక్కలేదు. చదువుకున్న దాన్ని, సిగ్గులేకుండా పళ్లికిలించాను. అమూల్య మా ఇద్దరి మొహాలూ చూసింది. చేతిలో చిక్కుడుకాయ బుట్టలో పడేసి లేచి లోపలికి పోయింది.

కాగితంలో ఎందుకు వచ్చిందన్న గడిలో ఏం రాయాలని ఆఫీసువాళ్లు భాగీరథిని అడిగారు. "ఇంట్లో గొడవ" అని చెప్పింది. అదే రాసుకున్నారు. వరంగల్లులో పిల్ల ఇంటివాళ్లతో ఫోన్లు నడిచాయి. నెల తిరిగేసరికి పిల్ల ఆశ్రయంలోని మిగతా పిల్లలతో కలిసి తిరుగుతూ నాలుగు హిందీ ముక్కలు పట్టుకుంది. నా దగ్గర కూర్చుని బొమ్మలు గీసేది. మనుషుల్ని గీయదు. బల్లలు, కుర్చీలు, నల్లబోర్డు, అంతే.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి భాగీరథి పెరట్లో కుళాయి కింద దువ్వెనలు కడుగుతోంది. కడిగినవే కడుగుతోంది. నన్ను చూసి కుళాయి కట్టేసింది.

"మేడం, నేను పాపం జేసిన" అంది.

ఏం కొంప మునిగిందో అనుకుని పక్కనున్న బండ మీద కూర్చున్నాను. ఆ పొద్దున సమితి ముందు అమూల్య విచారణ జరిగింది. సంపత్ వచ్చాడు, ఇరవై ఏడేళ్లవాడు. అక్క రాసిన ఉత్తరం, ఆధార్ కార్డులు, సర్పంచి ఇచ్చిన కాగితం, అన్నీ సక్రమంగా పట్టుకొచ్చాడు. పిల్లకి మేనమామ అని తెలియగానే సమితి పెద్దావిడ మొహం విచ్చుకుంది. గుజరాతీల్లో మేనమామ అంటే తండ్రి తర్వాత తండ్రి. ఆవిడ పిల్లని అడిగింది, మామతో వెళ్తావా అని. భాగీరథి ఆ ప్రశ్నని తెలుగులో అడిగింది.

"అమూల్య ఏమంది?" అన్నాను.

"మామ మంచోడే, గని పోతె పెండ్లి జేస్తరు, నేను పోను అన్నది."

"నువ్వేం చెప్పావు వాళ్లకి?"

భాగీరథి చేతిలో దువ్వెన అటూ ఇటూ తిప్పింది. "ఇంటికి పోతే తిడతరని భయపడుతున్నది అని చెప్పిన."

బండ మీద నుంచి లేచి నిలబడ్డాను.

అక్కడితో అయిపోలేదు. పెద్దావిడ ముద్దుగా నవ్వి, "మామ ఉండగా భయం దేనికమ్మా? రేపు నీ పెళ్లికి మామేరు తెచ్చేది ఈ మామే కదా" అందట. మామేరు అంటే గుజరాతీల పెళ్లిళ్లలో మేనకోడలికి మేనమామ చీరలూ నగలూ పట్టుకుని ఊరేగింపుగా వచ్చే వేడుక. దాన్ని భాగీరథి తెలుగులో చెప్పాలి. చెప్పింది. "నీ పెండ్లికి మీ మామ చీరలు, బంగారం తెస్తడంటున్నరు" అని. అమూల్య మొహంలో రక్తం లేదట. సమితిలో కూర్చున్న వాళ్లందరూ నవ్వు మొహాలతో తనని ఆ మామకే ఇచ్చి పెళ్లి చేస్తున్నారని పిల్ల అనుకుంది. అనుకోక ఏమనుకుంటుంది!

"బయటికి వచ్చినంక అడిగింది మేడం. నేనన్నది వాళ్లకు చెప్పినవా మౌసీ అన్నది. చెప్పిన అన్న. మరి ఆళ్లు నవ్విన్రేంది అన్నది." భాగీరథి కుళాయి మళ్లీ తిప్పి అదే దువ్వెన నీళ్ల కింద పెట్టింది.

"అయ్యో రామా! ఎంత పని చేశావే భాగీరథీ!" అని అరిచేశాను. "నీ బుద్ధి ఏమైంది? పదకొండేళ్లలో ఎవరి మాటా ఒక్క ముక్క అటూ ఇటూ చేయని దానివి!"

అరవగానే నాకు నేనే గుర్తొచ్చాను, చిక్కుళ్ల బుట్ట ముందు పళ్లికిలిస్తూ. మళ్లీ బండ మీద కూర్చున్నాను. ఆవిడే మొదలుపెట్టింది.

"నా పెనిమిటి మార్కండేయ నాకు ఏమైతడో ఎరుకనా మేడం? మా అవ్వకు సొంత తమ్ముడు. నా మేనమామ. పదిహేనేండ్లకు నన్నిచ్చిన్రు. కొత్తల పనికి వచ్చినప్పుడు ఒకసారి మాటల్ల ఈ సంగతి హంసాబెన్‌కు చెప్పిన."

హంసాబెన్ ఆశ్రయం అధికారి. మంచి మనిషే, కానీ మనసులో ఉన్నది మొహం మీద కనబడిపోతుంది. భాగీరథి చెప్పింది విని ఆవిడ చేతిలో చాయ్ కప్పు కింద పెట్టి, "ఛీ ఛీ, సొంత మామా?" అందట. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ తర్వాత వంటగదిలో ఆడవాళ్లు ఆర్నెల్లు వెనకాల గుసగుసలాడారు. ఒకతె ఎదురుగానే అడిగింది, మీ వాళ్లలో చెల్లెళ్లని కూడా చేసుకుంటారా అని. ఆ రోజు నుంచి భాగీరథి ఎవరడిగినా మా ఊరి సంబంధం అని చెప్పడం నేర్చుకుంది.

"పొద్దున ఇద్దరు పోరీలను దవాఖానకు తీసుకపోయి అటు నుంచి అటే సమితికి పోయిన. నిలవడి నిలవడి కాళ్లు గుంజుతున్నయి. ఆ మాట నోట్లకు వచ్చింది మేడం. కానీ అది చెప్తె, అట్లెట్ల అయితది అంటరు. అప్పుడు మావాళ్లల్ల ఉన్నది అనాలె. మళ్ల నా సంసారం బయటవెట్టాలె. అందరు ఛీ ఛీ అంటరు. బేజారొచ్చింది. మింగిన." దువ్వెన నీళ్లు విదిలించి, "నేను బతుకుతలేనా అనుకున్న. మార్కండేయ నన్ను ఒక్క దెబ్బ కొట్టలే. గా పోరి గూడ బతుకుతది అనుకున్న" అంది.

"మరి పాపం చేశానంటావెందుకు?"

"గా పోరి నన్ను నమ్మింది గదా."

మామతో పంపమని ఆర్డరు అయిపోయింది. మర్నాడు బుధవారం పదకొండు గంటలకి సంపత్ సమితి ఆఫీసుకొచ్చి పిల్లని తీసుకెళ్తాడు. సాయంత్రం రైలు. వరంగల్లు చేరితే మార్చిలో పెళ్లి. కాగితాల్లో ఇంట్లో గొడవ అని ఉంటుంది, అంతే. ఇంకెవరూ దాన్ని తెరవరు. నేను వెళ్లి చెప్తానన్నాను. భాగీరథి తల అడ్డంగా ఊపింది. "నువ్వెవరని అడుగుతరు మేడం. ఆ మాట పిల్ల నాకు చెప్పింది. కాగితం మీద నా సంతకమున్నది. నేనే తప్పని నేనే అనాలె." అలా అంటే ఉద్యోగం ఉండదని ఇద్దరికీ తెలుసు. పిల్ల మాట మార్చిన మౌసీని ఎవరు పెట్టుకుంటారు? పెట్టుకోకూడదు కూడా.

ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పాను. ఆయన పేపరు పక్కన పెట్టి, "పొద్దున్నే నువ్వు కూడా వెళ్లు. ఆవిడ ఒక్కతే వెళ్తే గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తుంది" అన్నారు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఇచ్చిన పనికొచ్చే సలహాల్లో అదొకటి.

బుధవారం పదింటికి సమితి ఆఫీసు వరండాలో భాగీరథి, అమూల్య, నేను, హంసాబెన్. ఎదుటి బల్ల మీద సంపత్. నేను వాడిని రాక్షసుడిలా ఊహించుకుని వెళ్లాను. తీరా చూస్తే బక్కగా, నిద్రలేని కళ్లతో, ఒడిలో బిస్కెట్ పొట్లం పెట్టుకుని కూర్చున్నాడు. పొట్లం అమూల్యకి ఇవ్వబోయాడు. ఆ పిల్ల తీసుకోలేదు. భాగీరథి చీర అంచు పట్టుకోవడం కూడా మానేసింది. దూరంగా కిటికీ దగ్గర నిలబడింది.

ముందు హంసాబెన్‌ని, మా ఇద్దరినీ లోపలికి పిలిచారు. భాగీరథి నమస్కారం పెట్టి గుజరాతీలో మొదలుపెట్టింది. నాకు ఆ భాష బాగానే అర్థమవుతుంది. "నిన్న అమూల్య చెప్పిన మాట నేను మీకు చెప్పలేదు. అబద్ధం చెప్పాను" అంది. హంసాబెన్ కుర్చీలోంచి లేచింది. భాగీరథి ఆగకుండా అసలు మాట చెప్పేసింది. ఇంటికెళ్తే ఈ మామతోనే వచ్చే నెల పెళ్లి, పిల్ల వద్దంటోంది, అందుకే పారిపోయి వచ్చింది.

పెద్దావిడ కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకుంది. "మేనమామతోనా? అదెలా కుదురుతుంది? నీకు సరిగ్గా అర్థమైందా? పిల్ల ఏదో వేళాకోళం మాట పట్టుకుని భయపడి ఉంటుంది."

"మాలో ఉంది మేడం."

"మీలో అంటే?"

భాగీరథి నా వైపు చూసింది. నేనేం చేయగలను? కళ్లతోనే చెప్పు చెప్పు అన్నాను. "నా భర్త నాకు సొంత మేనమామ. మా అమ్మ తమ్ముడు. నాకు పదిహేనేళ్లప్పుడు చేశారు" అంది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. పిల్లల మాటలు ఎలా చెప్తుందో అలాగే చెప్పింది.

గదిలో ఎవరూ ఛీ అనలేదు. హంసాబెన్ నేల చూపులు చూస్తూ నిలబడింది. పెద్దావిడ కాసేపు కలం తిప్పి, మామూలుగా ఆ గదిలో ప్రతి పిల్లనీ అడిగే ప్రశ్నే అడిగింది. "నిన్ను అడిగారా? నీ ఇష్టమేమిటని?"

"లేదు" అంది భాగీరథి. ఆ తర్వాత గోడకి ఆనుకుంది. కూర్చోమని ఎవరో కుర్చీ జరిపారు.

ఈసారి పెద్దావిడ ఎవరి సాయమూ తీసుకోలేదు. అమూల్యని లోపలికి పిలిచి తన పక్కన నిలబెట్టుకుని, హిందీలో ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది. మామ ఎలాంటివాడు, నీకేం కావాలి, భయపడకు. అమూల్య ముందు భాగీరథి వైపు చూసింది, అలవాటు కొద్దీ. భాగీరథి నోరు విప్పలేదు. నువ్వే చెప్పు అన్నట్టు గడ్డం ఊపింది. పిల్ల తన దగ్గరున్న నాలుగు ముక్కలూ పోగు చేసుకుని, "మామా అచ్ఛా హై. శాదీ నహీ. స్కూల్" అంది. మామ మంచివాడు, పెళ్లి వద్దు, బడి. ఆ మాటకి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నెల రోజుల ముందు నేను నవ్విన నవ్వు గుర్తొచ్చి నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

సంపత్‌ని పిలిచి అడిగితే కాదనలేదు. "అక్క జెప్పింది సార్. బావ లేడు, పిల్ల పరాయింటికి పోతె ఎట్లుంటదో అని ఏడ్చింది. నేనేమనాలె?" అని తెలుగులోనే గోడకి చెప్పుకున్నట్టు అన్నాడు. భాగీరథి లేచి, పొల్లు పోకుండా గుజరాతీలో చెప్పింది. "నేనేమనాలి" అన్నప్పుడు ఆవిడ గొంతు కూడా అతనిలాగే వణికింది. ఆర్డరు రద్దయింది. వరంగల్లు సమితికి రాసి, తల్లిని పిలిపించి, పెళ్లి చేయబోనని రాయించుకుని, పరీక్షలు అక్కడి ఆడపిల్లల హాస్టల్లో ఉండి రాసే ఏర్పాటయ్యాకే పిల్లని పంపుతారు. అప్పటిదాకా ఇక్కడే.

బయట సంపత్ భాగీరథికి ఎదురొచ్చాడు. "మనోళ్లదానివే గదా అక్కా, గిట్ల జేస్తివేంది?" అన్నాడు. కోపంగా కూడా కాదు, అర్థంకాక అడిగాడు.

"మనోళ్లదాన్నని నిన్న నోరు మూసుకున్న తమ్మీ" అంది భాగీరథి. "పో, అక్కకు మంచిగ చెప్పు. నువ్వు గూడ ఏమన్న తిను." అతను బిస్కెట్ పొట్లం బల్ల మీదే వదిలేసి మెట్లు దిగాడు.

హంసాబెన్ అక్కడికక్కడే చెప్పేసింది, రాతపూర్వకంగా వివరణ ఇవ్వాలని, విచారణ అయ్యేదాకా పిల్లల మాటలు చెప్పే పని చేయకూడదని, కావాలంటే వంటగదిలో ఉండొచ్చని. నాకు ఒళ్లు మండింది. ఆనాడు నువ్వు ఛీ అనకపోతే ఇంత జరిగేదా అని అడగబోయాను. భాగీరథి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆమె అన్నది రైటే మేడం. పోరీల మాట నేను మింగొద్దు" అంది. అది నిజమే. నిజమైనంత మాత్రాన మంట తగ్గుతుందా?

ఆవిడని అలా బస్సెక్కించడానికి మనసొప్పక ఆటో చేసుకుని వాళ్లుండే బమ్రోలి దాకా వెళ్లాను. దారి పొడుగునా కళ్లు మూసుకునే ఉంది. పారిశ్రామిక వాడ దాటాక సందులో రెండు గదుల ఇల్లు. కొడుకు హజీరాలో కంపెనీ పనికి పోయాడు. మార్కండేయ గడపలో కూర్చుని పాత రేడియో విప్పి బాగుచేస్తున్నాడు. ముప్పై ఏళ్లు మగ్గాల మోతలో నిలబడి ఆయనకి చెవులు దాదాపు పోయాయి. ఆయనతో మాట్లాడాలంటే గట్టిగా అరవాలి. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టి, చాప పరిచి, లోపలికెళ్లి చాయ్ పెట్టాడు. భాగీరథి చెప్పులు కూడా విప్పకుండా గడపలోనే కూలబడింది.

"గింత జల్ది వచ్చినవేంది? నౌకరీ పోయిందా?" అన్నాడు గ్లాసులు తెస్తూ. నవ్వుతూనే అన్నాడు పాపం.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. అరిచి చెప్పాలి కదా, సందు సందంతా వినబడేలా చెప్పింది. పదకొండేళ్లు దాచుకున్న సంగతి పక్కిళ్ల ఒరియా వాళ్లు, మరాఠీ వాళ్లు తలుపుల్లోంచి తొంగి చూస్తుండగా తెలుగులో అరుస్తోంది. అమూల్య సంగతి, సమితి సంగతి, పెద్దావిడ అడిగిన ప్రశ్న. చివరికి లేచి నిలబడి, "నన్నడిగిన్రా? నీ మర్జీ ఏంది పిల్లా అని ఎవరన్న నన్నడిగిన్రా?" అంది. అప్పుడు ఏడ్చింది. అన్నేళ్లలో ఆవిడ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మార్కండేయ గ్లాసు కింద పెట్టాడు. చెవిటివాళ్లు సాధారణంగా గట్టిగా మాట్లాడతారు, ఆయన చాలా మెల్లగా అన్నాడు.

"నన్నెవరు అడిగిన్రే? నువ్వు పుట్టిన్నాడు నిన్ను ఎత్తుకొని గల్లీ అంత తిప్పినోన్ని. అక్క చేతులు వట్టుకొని ఏడిస్తె నేనేమనాలె?"

భాగీరథి ఏడుపు ఆగిపోయింది. మొగుడి మొహంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది. ముప్పై మూడేళ్ల కాపురంలో ఆ మాట ఇద్దరి మధ్యా రావడం అదే మొదటిసారని నాకు చెప్పక్కర్లేకుండానే తెలిసింది. నేను అక్కడ ఉండకూడదనిపించి చాయ్ గ్లాసు పట్టుకుని బయటికి జరిగాను. భాగీరథి ఆయన పక్కన మెల్లగా కూర్చుంది.

"అడిగితె ఏమంటుంటివి?" అంది.

"ఏందీ?" అన్నాడు మార్కండేయ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

మళ్లీ గట్టిగా అడిగే ఓపిక ఆవిడకి లేకపోయింది.